అర్థశాస్త్రం డిగ్రీకి లెక్కలెందుకు?
సూరత్‌లో అడిగిన ఒక ప్రశ్న, దాని వెనక చరిత్ర



సూరత్ పేరు వినగానే మీలో చాలామందికి చీరలు గుర్తుకొస్తాయి. కొందరికి వజ్రాలు. చరిత్ర పుస్తకం శ్రద్ధగా చదివినవారికి ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం, 1664లోను 1670లోను శివాజీ జరిపిన దాడులు, 1907 నాటి కాంగ్రెసు చీలిక గుర్తుకు రావచ్చు. నాకు మాత్రం అక్కడ ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న గుర్తుకొస్తుంది.

సూరత్‌లో లింబాయత్ అనే ప్రాంతం ఉంది. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వెళ్లి అక్కడే స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలు ఆ వైపు ఎక్కువ. సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలను గుజరాతీతోపాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాల్లోనూ, మన తెలుగులోనూ నడుపుతోంది. కొన్నేళ్ల క్రితం అక్కడి తెలుగు పిల్లలకు కొన్ని సైన్సు ప్రయోగాలు చూపించడానికి వెళ్లాను. ప్రయోగాలు అయిపోయాక, పన్నెండో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి దగ్గరికి వచ్చింది. చెల్లెల్ని తీసుకువెళ్లడానికి వచ్చిందట.

"సార్, బి.ఏ.కి లెక్కలెందుకు సార్? నేను జనరల్ స్ట్రీమ్ తీస్కున్న. అండ్ల లెక్కలే లేవు. ఢిల్లీల ఎకనామిక్స్ ఆనర్స్‌కు లెక్కలు లేకుంటే తీస్కోరంట. పదోతరగతప్పుడే ఎవరన్న చెప్తే అయిపోతుండె గదా సార్?"

నేను చదివింది భౌతికశాస్త్రం. లెక్కలు లేని చదువు నా ఊహకు అందదు. అయినా వెంటనే సరైన జవాబు చెప్పలేకపోయాను. "కావాలమ్మా" అని ఊరుకోవచ్చు, కాని అది జవాబు కాదు. ఎందుకంటే ఒకప్పుడు అక్కర్లేదు. నూరేళ్ల క్రితం మన దేశంలో అర్థశాస్త్రం చదివిన పట్టభద్రుల్లో చాలామంది దాన్ని చరిత్రతో కలిపి చదివినవారే. మరి లెక్కలు ఎప్పుడు వచ్చి చేరాయి? ఏ డిగ్రీలో ఎంత చేరాయి? ఈ పాఠంలో మనం చూడబోయేది అదే. ఆ అమ్మాయికి ఆలస్యంగా ఇస్తున్న జవాబు అనుకోండి.

డిగ్రీ లేని రోజులు

ఇంగ్లీషువారికి సూరత్‌లో వర్తకం చేసుకునే అనుమతి మొగలు చక్రవర్తి జహంగీరు నుంచి 1613లో లభించింది. అంతకు రెండేళ్ల ముందే, 1611లో, వారు మన మచిలీపట్నంలో స్థావరం పెట్టారన్న సంగతి తెలుగు విద్యార్థులు గుర్తుంచుకోవాలి. ఈ రెండు రేవుల మధ్య గోల్కొండ మీదుగా వర్తకుల రాకపోకలు సాగేవి. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే సూరత్‌లో దిగి గోల్కొండ గనుల దాకా ప్రయాణం చేసి, ఆ దారిని తన పుస్తకంలో వర్ణించాడు. కృష్ణ ఒడ్డున కొల్లూరులో తవ్విన రాళ్లు అప్పట్లో పడమటికి వెళ్లేవి. ఇప్పుడు ఎక్కడెక్కడి గనుల వజ్రాలో సానపట్టడానికి సూరత్ చేరుతున్నాయి. ఇది పక్కదారి, వదిలేద్దాం.

ఆనాటి సూరత్‌లో వీర్జీ వోరా అనే వర్తకుడు ఉండేవాడు. ఇంగ్లీషు కంపెనీకే అప్పులిచ్చిన మనిషి. ఊరినిండా సరాఫులు, దళారులు, హుండీ వ్యాపారులు. హుండీ అంటే తెలుసుగా? సూరత్‌లో డబ్బు కట్టి ఒక కాగితం తీసుకుంటే, ఆగ్రాలో దాన్ని చూపి సొమ్ము తీసుకోవచ్చు. మధ్యలో కొంత తరుగు ఉంటుంది. ఆ తరుగులో వడ్డీ ఉంది, దారిలో దోపిడీ భయం ఉంది, రెండు ఊళ్ల నాణేల మారకం ఉంది. ఇవన్నీ కలిపి వేళ్ల మీద లెక్కగట్టిన సరాఫు ఏ కళాశాలలోనూ చదవలేదు. తండ్రి కొట్లో కూర్చుని నేర్చుకున్నాడు. ఇప్పుడు మనం ద్రవ్యం, వడ్డీ, అనిశ్చితి అని వేర్వేరు అధ్యాయాలుగా చదివేవి అతడి కాగితం మీద ఒక్క అంకెలో ఉండేవి.

ఈ విద్యను బల్లల మీద కూర్చోబెట్టి నేర్పించాలన్న ఆలోచన కూడా ఆ కంపెనీ నుంచే రావడం విశేషం. వర్తకులుగా వచ్చినవారు పాలకులయ్యారు. భూమిశిస్తు ఎంత వేయాలో, ఉప్పు మీద పన్ను ఎంత ఉండాలో నిర్ణయించవలసిన ఉద్యోగులకు శిక్షణ కావాలి. అందుకని కంపెనీ 1806లో ఇంగ్లండులో ఒక కళాశాల ప్రారంభించింది. తరవాత అది హెయిలీబరీకి మారింది. అక్కడ చరిత్రకు, రాజకీయ అర్థశాస్త్రానికి ఆచార్యుడుగా నియమితుడైనవాడు థామస్ మాల్థస్. జనాభా సిద్ధాంతంలో మీరు చదివిన మాల్థస్ ఆయనే. పదవి పేరు గమనించండి: చరిత్ర, రాజకీయ అర్థశాస్త్రం. ఆ రెండింటి జంట మన దేశంలోనూ చాలాకాలం విడిపోలేదు.

చరిత్ర పక్కన కొంచెం చోటు

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. వాటిలో అర్థశాస్త్రానికి ప్రత్యేక డిగ్రీ లేదు. బి.ఏ. చదివేవారు చరిత్రతోపాటో, తత్వశాస్త్రంతోపాటో రాజకీయ అర్థశాస్త్రం కొంత చదివేవారు. పుస్తకాలు ఇంగ్లండువి, ఉదాహరణలు ఇంగ్లండువి. ప్రవేశానికి విడిగా లెక్కలు అడగవలసిన అవసరం లేదు, ఎందుకంటే ఆ పుస్తకాల్లో వాదన ఉంటుంది, సమీకరణం ఉండదు.

బొంబాయి విశ్వవిద్యాలయం తొలి పట్టభద్రుల్లో ఒకరైన మహాదేవ గోవింద రానడే 1892లో పుణేలోని దక్కన్ కళాశాలలో భారతీయ అర్థశాస్త్రం గురించి ఒక ప్రసంగం చేశారు. ఇంగ్లండు పుస్తకాల సూత్రాలు ఎక్కడైనా ఎప్పుడైనా పనిచేసే ప్రకృతి నియమాలు కావు, అవి కొన్ని ఊహల మీద నిలబడ్డాయి, ఆ ఊహలు మన దేశానికి సరిపోవు అని ఆయన వాదన. ఇది భౌతికశాస్త్రం మనిషిగా నాకు బాగా నచ్చుతుంది. రాపిడి లేదనుకుని సూత్రం చెప్పి, రాపిడి ఉన్నచోట దాన్ని వాడితే తప్పు సూత్రానిది కాదు, వాడినవాడిది.

సగటు తెచ్చిన తంటా

లెక్కలు మన అర్థశాస్త్రంలోకి వచ్చిన మొదటి పెద్ద సందర్భం కళాశాలలో జరగలేదు. దాదాభాయి నౌరోజీని మనం కాంగ్రెసు నాయకుడుగా, సంపద తరలింపు సిద్ధాంతకర్తగా చదువుతాం. ఆయన అసలు వృత్తి ఏమిటి? బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో గణిత ఆచార్యుడు! 1850లలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడాయన.

1876లో ఆయన భారతదేశపు పేదరికం గురించి ఒక పత్రం సమర్పించారు. దేశంలో సగటు మనిషికి సంవత్సరానికి ఆదాయం ఎంత అన్నది ప్రశ్న. ఆ ప్రశ్నకు అప్పటిదాకా ప్రభుత్వం దగ్గర కూడా సరైన జవాబు లేదు. ఆయన ఒక్కొక్క రాష్ట్రం తీసుకున్నారు. ఏ పంట ఎన్ని ఎకరాల్లో వేశారు, ఎకరానికి దిగుబడి ఎంత, ధర ఎంత అని చూసి గుణించారు. విత్తనాలకు పోయేది తీసివేశారు. ఉప్పు, నల్లమందు, బొగ్గు, చేతివృత్తుల ఉత్పత్తి వగైరాలు కలిపారు. 1867-68 సంవత్సరానికి 17 కోట్ల జనాభాకు 34 కోట్ల పౌన్లు వచ్చింది. అంటే తలకు రెండు పౌన్లు, అప్పటి మారకంలో 20 రూపాయలు. జైళ్లలో ఖైదీల తిండికి బట్టకు ప్రభుత్వం పెడుతున్న ఖర్చుతో దాన్ని పోల్చి చూపారు. సగటు భారతీయుడి ఆదాయం దానికి కూడా చాలదు.

ఈ పత్రంలో నాకు మరీ ఇష్టమైన భాగం వేరే ఉంది. ప్రభుత్వ నివేదికల్లో సగటు ధరలను ఎలా కడుతున్నారో ఆయన పరిశీలించారు. జిల్లాల ధరలన్నీ కూడి, జిల్లాల సంఖ్యతో భాగిస్తున్నారు! ఇందులో తప్పేమిటో ఒక ఉదాహరణతో చూద్దాం. అంకెలు నావి. ఒక జిల్లాలో 100 బస్తాలు పండాయి, బస్తా 2 రూపాయలు. పక్క జిల్లాలో 900 బస్తాలు పండాయి, బస్తా 1 రూపాయి. అధికారి లెక్క ప్రకారం సగటు ధర రూపాయిన్నర. వెయ్యి బస్తాలు ఆ ధరకు లెక్కిస్తే పంట విలువ 1500 రూపాయలు. నిజానికి పంట విలువ 200 కి 900 కలిపితే 1100 రూపాయలే. సగటు ధర 1 రూపాయి 10 పైసలు. పరిమాణాన్ని పట్టించుకోకుండా తీసిన సగటు వల్ల లేని 400 రూపాయలు కాగితం మీద పుట్టాయి. ఆ కాగితాన్ని చూసి శిస్తు వేస్తే ఆ 400 రైతు ఇంట్లోంచి రావాలి.

తొమ్మిదో తరగతి, పదో తరగతి విద్యార్థి చేయగల లెక్క ఇది. ఆచార్యుడే చేసి ఉండనక్కర్లేదు. కాని నివేదికలు చదివిన వందలమంది మధ్య, ఈ సగటు ఎలా వచ్చిందని అడగడం గణితం బోధించినవాడికి తోచింది. బడ్జెట్టు విమర్శకుడుగా పేరుపొందిన గోపాలకృష్ణ గోఖలే కూడా పుణేలో అంకగణిత పాఠ్యపుస్తకం రాసిన ఉపాధ్యాయుడే.

ఊళ్లకు వెళ్లిన విద్యార్థులు

ఇక డిగ్రీ సంగతి. 1901లో లండన్ విశ్వవిద్యాలయం అర్థశాస్త్రంలో బి.ఎస్‌సి. పట్టా పెట్టింది. 1903లో కేంబ్రిడ్జిలో ఆల్‌ఫ్రెడ్ మార్షల్ పట్టుబట్టి అర్థశాస్త్రాన్ని ఇతర శాస్త్రాల గొడుగు కింద నుంచి తప్పించి విడి డిగ్రీ పరీక్షగా చేయించాడు. ఇంగ్లండులోనే ఇది ఇరవయ్యో శతాబ్దపు సంగతి అని గుర్తుంచుకుంటే, మనవాళ్లు పెద్దగా వెనకబడలేదని తెలుస్తుంది. కలకత్తాలో 1909 ప్రాంతంలో మింటో పేరిట అర్థశాస్త్ర ఆచార్య పీఠం ఏర్పడింది. మద్రాసు విశ్వవిద్యాలయంలో 1915లో గిల్బర్ట్ స్లేటర్ భారతీయ అర్థశాస్త్ర ఆచార్యుడుగా చేరాడు. తరవాత బొంబాయిలో అర్థశాస్త్రానికి, సమాజశాస్త్రానికి కలిపి ఒక విభాగం మొదలైంది.

స్లేటర్ చేసిన పని మన విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. ఆయనకు దక్షిణదేశపు ఊళ్లు తెలియవు. విద్యార్థులకు తెలుసు, కాని తమకు తెలిసినది అర్థశాస్త్రమని వారికి తెలియదు. ఆయన వారికి ప్రశ్నల పట్టికలు ఇచ్చి, సెలవుల్లో సొంత ఊళ్లకు పంపాడు. ఎవరికి ఎంత భూమి, కూలి ఎంత, అప్పు ఎంత, వడ్డీ ఎంత, ఇంట్లో ఎన్ని గిన్నెలు. ఆ వివరాలతో 1918లో దక్షిణ భారత గ్రామాల మీద పుస్తకం వెలువడింది. తరవాతి తరాలవారు ఆ ఊళ్లకే మళ్లీ వెళ్లి ఏం మారిందో చూశారు.

ఆ బాటలోనే గుంటూరు జిల్లా నిడుబ్రోలు నుంచి ఆక్స్‌ఫర్డుకు వెళ్లి అర్థశాస్త్రం చదివి వచ్చిన ఎన్.జి. రంగా, మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో ఆ పాఠాలు చెప్పారు. రైతు నాయకుడుగానే ఆయన మనకు తెలుసు. కాని 1930లో ఆయన ప్రచురించిన ఒక పుస్తకం దక్షిణ భారతదేశపు చేనేత ఆర్థిక స్థితి గురించినది. నూలు ఎవరు ఇస్తారు, బట్ట ఎవరు కొంటారు, మధ్యలో నేతగాడికి ఏం మిగులుతుంది అన్నవే అందులోని ప్రశ్నలు. సూరత్ మరమగ్గం ముందు నిల్చున్న తెలుగు కార్మికుడి తాతముత్తాతల ప్రశ్నలే అవి.

సూరత్ నగరానికి 1918లో మొదటి కళాశాల వచ్చింది. సార్వజనిక్ విద్యాసంఘం స్థాపించిన ఆ కళాశాల ఇప్పుడు ఎం.టి.బి. ఆర్ట్స్ కళాశాలగా ప్రసిద్ధం. మొదట బొంబాయి విశ్వవిద్యాలయం కింద, 1949 తరవాత గుజరాత్ విశ్వవిద్యాలయం కింద నడిచింది. 1967లో సూరత్‌లోనే సౌత్ గుజరాత్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 2004లో దానికి ఆ ఊరి కవి నర్మద్ పేరు చేర్చి వీర్ నర్మద్ సౌత్ గుజరాత్ విశ్వవిద్యాలయం అన్నారు. 1969లో ఐ.పి. దేశాయి అనే సమాజశాస్త్రవేత్త సూరత్‌లో ఒక సామాజిక పరిశోధన కేంద్రం నెలకొల్పారు. డచ్చి పరిశోధకుడు యాన్ బ్రెమన్ 1960ల నుంచి ఆ చుట్టుపక్కల ఊళ్లకు తిరిగి తిరిగి వెళ్లి, వలస కూలీల బతుకు మీద పుస్తకాలు రాశాడు. అంటే, సూరత్ అర్థశాస్త్రం చదవడానికి చాలని ఊరు కాదు. ఆ అమ్మాయి ఢిల్లీ పేరే చెప్పింది కాబట్టి ఈ మాట ఇక్కడ అంటున్నాను.

అనుబంధం నుంచి మొదటి పేజీకి

మార్షల్ స్వయంగా కేంబ్రిడ్జిలో గణితం చదివి రెండో స్థానం సంపాదించినవాడు. అయినా 1890లో వెలువడిన తన గ్రంథంలో పటాలను అడుగు గమనికల్లోకి, సమీకరణాలను చివరి అనుబంధంలోకి నెట్టేశాడు. మామూలు పాఠకుడు బెదిరిపోకూడదని. 1947లో అమెరికాలో పాల్ శామ్యూల్‌సన్ ప్రచురించిన గ్రంథంలో గణితమే ముందు వరుసలో కూర్చుంది. ఆ యాభై ఏడేళ్లలో విషయం మారలేదు, చెప్పే భాష మారింది.

మన దేశంలో స్వాతంత్ర్యం వచ్చాక ఈ మార్పుకు ఒక అవసరం కూడా తోడైంది. ప్రణాళికలు వేయాలి. 1950లో జాతీయ నమూనా సర్వే మొదలైంది. రెండో పంచవర్ష ప్రణాళికకు ఆధారమైన నమూనాను తయారుచేసిన మహలనోబిస్ భౌతికశాస్త్రం చదివి, భౌతికశాస్త్రం బోధించినవాడు. (మా శాఖవారు ఇలా పక్కింటి వంటగదిలోకి వెళ్లడం కొత్తేమీ కాదు.) 1949లో ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఏర్పడింది. 1961లో ప్రభుత్వం ఇండియన్ ఎకనామిక్ సర్వీసు, ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసు అని రెండు సర్వీసులు ఏర్పాటు చేసింది. ఉద్యోగం ఎటు పిలిస్తే పాఠ్య ప్రణాళిక అటు నడుస్తుంది.

ఇంతకీ ఆ గణితం ఏం చేస్తుంది? లింబాయత్ మగ్గాల షెడ్డులోకి వెళదాం. ఒక కార్మికుడు ఆరు మగ్గాలు చూసుకుంటే రోజుకు 480 మీటర్లు వస్తోందనుకుందాం. ఎనిమిది మగ్గాలు అప్పగిస్తే 600 మీటర్లు. పది అప్పగిస్తే 650. పోగు తెగినప్పుడు ఒకచోట అతికేలోగా ఇంకోచోట పేక కండె అయిపోతుంది, మగ్గం ఆగుతుంది. అంకెలు ఊహించినవే, పద్ధతి చూడండి. మగ్గానికి సగటు ఉత్పత్తి వరసగా 80, 75, 65 మీటర్లు. యజమాని ఈ సగటు చూసి పది మగ్గాలైనా ఫరవాలేదు, 65 వస్తోంది కదా అనుకోవచ్చు. కాని కొత్తగా చేర్చిన మగ్గం ఒక్కొక్కటి ఎంత తెచ్చింది? ఆరు నుంచి ఎనిమిదికి వెళ్లినప్పుడు రెండు మగ్గాలకు 120, అంటే ఒక్కోదానికి 60 మీటర్లు. ఎనిమిది నుంచి పదికి వెళ్లినప్పుడు రెండింటికి 50, ఒక్కోదానికి 25 మాత్రమే. ఈ 60ని, 25ని ఉపాంత ఉత్పత్తి అంటారు. మీటరు లెక్కన కూలి తీసుకునేవాడికి ఆ చివరి రెండు మగ్గాల కోసం పెరిగిన పరుగెంత, పెరిగిన కూలి ఎంత అన్నది ఈ అంకె చెబుతుంది. సగటు చెప్పదు.

మార్పును మరీ చిన్న అంగల్లో కొలిస్తే అదే మీరు కలన గణితంలో చదివే అవకలనం. భౌతికశాస్త్రంలో దూరం నుంచి వేగం తీస్తాం చూశారా, అదే పని. బి.ఏ.లో మొదటి సంవత్సరమే ఉపాంత ప్రయోజనం, ఉపాంత వ్యయం, ఉపాంత రాబడి అని వరసగా వస్తాయి. అవకలనం తెలిసినవాడు ఒక్కసారి అర్థం చేసుకుని సాగిపోతాడు. తెలియనివాడు ప్రతిదాన్నీ విడివిడిగా కంఠస్థం చేస్తాడు.

ఇప్పుడు ఉన్న దారులు

అర్థశాస్త్రం డిగ్రీ అని ఒకే పేరుతో నడిచే చదువులు నిజానికి మూడు నాలుగు రకాలు. పట్టా మీద బి.ఏ. ఉందా బి.ఎస్‌సి. ఉందా అన్నది చూసి మోసపోకండి. లోపలి పేపర్ల పేర్లు చూడండి.

లెక్కలు బాగా అడిగేది ఆనర్స్ డిగ్రీ. విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం 2015లో ఇచ్చిన ఆనర్స్ నమూనా ప్రణాళికలో 14 ప్రధాన పేపర్లున్నాయి. సూక్ష్మ అర్థశాస్త్రం, స్థూల అర్థశాస్త్రం, భారత ఆర్థిక వ్యవస్థ, అభివృద్ధి అర్థశాస్త్రంతోపాటు గణిత పద్ధతులు రెండు పేపర్లు, సాంఖ్యక పద్ధతులు ఒకటి, అర్థమితి ఒకటి. పద్నాలుగులో నాలుగు పూర్తిగా అంకెల పేపర్లు. మిగిలిన వాటిలో సగానికి ఆ నాలుగూ పునాది. అందుకే ఢిల్లీ విశ్వవిద్యాలయం అర్థశాస్త్రం ఆనర్స్‌కు పన్నెండో తరగతిలో గణితం ఉండాలంటుంది, 2022 నుంచి నడుస్తున్న ఉమ్మడి ప్రవేశపరీక్షలోనూ గణితం పేపరు రాయాలంటుంది. కాన్పూరు, బొంబాయి ఐ.ఐ.టి.ల్లో అర్థశాస్త్రంలో బి.ఎస్. ఉంది. దానికి ఇంజనీరింగు ప్రవేశపరీక్షే ద్వారం. కాబట్టి గణితంతోపాటు భౌతిక, రసాయన శాస్త్రాలూ కావాలి.

రెండోది సాధారణ బి.ఏ. మన తెలుగు రాష్ట్రాల్లో చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి కలిపిన హెచ్.ఇ.పి. దశాబ్దాలుగా నడిచింది. మాల్థస్ పదవి పేరు మళ్లీ గుర్తుచేసుకోండి, ఆ పాత జంట ఇంకా విడిపోలేదు. ఇంటర్మీడియెట్‌లో హెచ్.ఇ.సి., సి.ఇ.సి. చదివినవారికి ఈ దారి తెరిచే ఉంటుంది. లెక్కలు అడగరు. ఇది తక్కువ చదువు అని నేను అనను. పరిపాలన ఉద్యోగాలకు, న్యాయశాస్త్రానికి, ఉపాధ్యాయ వృత్తికి వెళ్లేవారికి చక్కగా సరిపోతుంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పుస్తకాల పుణ్యమా అని తెలుగులో చదువుకోగల డిగ్రీ కూడా ఇదే. అంతకు యాభై ఏళ్ల ముందు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో అర్థశాస్త్రం నేర్పింది కాబట్టి, మన భాషల్లో ఈ శాస్త్రం పలకదు అనే మాటకు అర్థం లేదు.

ఈ రెండింటికీ మధ్య ఒక మంచి దారి ఉంది, చాలామంది చూడరు. గణితం, అర్థశాస్త్రం, స్టాటిస్టిక్స్ కలిపిన డిగ్రీ. ఇంటర్‌లో ఎం.ఇ.సి. లేదా ఎం.పి.సి. చదివి, ఇంజనీరింగు మీద మనసు లేనివారికి నేను మొదట చెప్పేది ఇదే. ఎం.ఏ. స్థాయిలో మంచి సంస్థల ప్రవేశపరీక్షలు రాయడానికి ఇది ఆనర్స్‌కు తీసిపోదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో మూడు సబ్జెక్టుల పద్ధతి స్థానంలో ఒకే ప్రధాన సబ్జెక్టు పద్ధతి ప్రవేశపెట్టారు. ఇలాంటి చోట అర్థశాస్త్రాన్ని ప్రధానంగా, గణితాన్నో స్టాటిస్టిక్సునో ఉపవిషయంగా తీసుకోవచ్చేమో కళాశాలలో అడిగి తెలుసుకోండి.

వాణిజ్యశాస్త్రం వేరు. 1913లో బొంబాయిలో సిడెన్‌హామ్ కళాశాలతో మొదలైన ఆ చదువులో అర్థశాస్త్రం పేపర్లు ఉంటాయి కాని ప్రధానం లెక్కల పుస్తకాలు, పన్నులు, కంపెనీ చట్టం. సూరత్‌లాంటి వర్తక నగరంలో తల్లిదండ్రులు రెండూ ఒకటే అనుకోవడం సహజం.

2022 డిసెంబరులో వచ్చిన కొత్త చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. ఒక క్రెడిట్ అంటే ఒక సెమిస్టరులో 15 గంటల పాఠం. మూడేళ్లలో ప్రధాన సబ్జెక్టుకు 60, ఉపవిషయానికి 24 కేటాయించారు. మిగతావి భాషలు, నైపుణ్యాలు, ఇతర శాస్త్రాలు. నాలుగో ఏడు పరిశోధనతో కూడిన ఆనర్స్ కావాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులుండాలి. ఇందులో నాకు ఆశ కలిగించేది ఆ 24 క్రెడిట్లు. పన్నెండో తరగతిలో లెక్కలు చదవనివారు కూడా కళాశాల ఒప్పుకుంటే స్టాటిస్టిక్స్ వైపు జరగడానికి అక్కడ సందు ఉంది.

గుజరాత్ రాష్ట్ర బోర్డు జనరల్ స్ట్రీమ్‌లో వాణిజ్యం చదివేవారికి సాధారణంగా గణితం బదులు స్టాటిస్టిక్స్ ఉంటుంది. సైన్సు తీసుకుంటేనే గణితం. అంటే పదిహేను, పదహారేళ్ల వయసులో, పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో, ఒక పిల్ల తెలియకుండానే ఢిల్లీ తలుపు వేసేసుకుంటోంది. లింబాయత్ ఇళ్లలో అది చెప్పగల పెద్దలు తక్కువ. తల్లిదండ్రులు షిఫ్టుల్లో ఉంటారు. బడి మాటా, ఇంటి మాటా, ఊరి మాటా మూడు వేర్వేరు భాషలు. మన ఊళ్లలో హెచ్.ఇ.సి. తీసుకునే పిల్లల పరిస్థితి కూడా ఇంతకన్నా మెరుగేమీ కాదు. పదో తరగతిలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మీకుంటే ఈ పేజీ వాళ్లకు ఇవ్వండి.

దాటిపోయినవారికి? జాతీయ సార్వత్రిక పాఠశాల సంస్థలో సీనియర్ సెకండరీ గణితాన్ని విడిగా ఒక్క సబ్జెక్టుగా రాసే వీలుంది. దాన్ని ప్రవేశానికి లెక్కలోకి తీసుకుంటారో లేదో చేరదలచిన విశ్వవిద్యాలయాన్ని ముందే అడగాలి. ప్రవేశానికి పనికిరాకపోయినా, తరవాత ఎం.ఏ.కి వెళ్లినప్పుడు ఆ ఏడాది శ్రమ వృథా పోదు. ఇండియన్ ఎకనామిక్ సర్వీసుకు ఎలాగూ అర్థశాస్త్రంలో స్నాతకోత్తర పట్టా కావాలి.

ఆ అమ్మాయి చివరికి సూరత్‌లోనే అర్థశాస్త్రం ప్రధానంగా బి.ఏ.లో చేరింది. సాయంత్రాలు లెక్కలు చదువుతోంది. మగ్గాల ఉదాహరణ నేను మొదట ఆమెకే ఫోనులో చెప్పాను. కొన్నాళ్ల తరవాత ఆమే ఫోను చేసింది. "మా నాయినకు ఇంకో రెండు మగ్గాలు ఇస్తమంటే వద్దన్నడంట సార్, ఎప్పుడో. అది ఉపాంతమేనా?" అని అడిగింది. అవునన్నాను. అయితే కరెంటు ఖర్చు, చెడిపోయిన బట్టకు కోత, ఆగిన మగ్గానికి యజమాని నష్టం కూడా నాన్నగారిని అడిగి, రెండువైపులా లెక్క వేసి పంపమన్నాను. ఇంకా రాలేదు.